రక్త క్యాన్సర్ పేరుతో అమ్ముడయ్యే మొక్కల గుళికలు: లేబుల్ నుంచి కాలేయం దాకా

గ్రీన్ టీ సారం, కర్క్యుమిన్, క్వెర్సెటిన్, వెల్లుల్లి నూనె. ఇంట్లో ఒకరికి లుకేమియా అనో మైలోమా అనో తెలియగానే చుట్టాలో స్నేహితులో కొని తెచ్చే సీసాలు చాలావరకు ఇవే. జబ్బు లేనివాళ్లు కూడా ‘ముందు జాగ్రత్త’ అంటూ మొదలుపెడతారు. సీసా మీద ‘రక్త క్యాన్సర్’ అని ఎక్కడా రాయరు, రాస్తే చట్టం ఊరుకోదు. ‘కణ రక్షణ’, ‘రోగనిరోధక శక్తికి తోడ్పాటు’ అని రాస్తారు. మిగతాది కొనేవాళ్లు ఊహించుకుంటారు. ఈ సమీక్ష ఏదో ఒక కంపెనీ గురించి కాదు, ఈ నాలుగు రకాల గుళికల గురించి. ఏ రకంలో ఏముంటుంది, దాని వెనుక ఉన్న పరిశోధన ఎంతవరకు నిలుస్తుంది, ఎవరు ముట్టుకోకూడదు అన్నవే ఇక్కడ చూస్తున్నాం.

ముందుగా గ్రీన్ టీ సారం. నాలుగింటిలో దీని వెనుకే పరిశోధన ఎక్కువ, ప్రమాదం కూడా దీనితోనే ఎక్కువ.

తేయాకులో కాటెచిన్లు అనే రసాయనాలు ఉంటాయి, వాటిలో ముఖ్యమైనది ఈజీసీజీ. కొనేముందు లేబుల్ మీద వెతకాల్సిన అంకె ఇదొక్కటే. ‘గ్రీన్ టీ సారం 500 మిల్లీగ్రాములు’ అని పెద్దక్షరాల్లో ఉంటే దాన్ని పట్టించుకోకండి. కింద చిన్నక్షరాల్లో ‘50 శాతం ఈజీసీజీ’ అని ఉంటే గుళికలో ఉన్నది 250 మిల్లీగ్రాములు. ‘98 శాతం పాలీఫినాల్స్’ (కాటెచిన్లు కూడా చేరే పెద్ద గుంపు) అని మాత్రమే రాసి ఈజీసీజీ శాతం ఇవ్వకపోతే లెక్క కట్టడానికి దారే లేదు, ఆ సీసా అక్కడే పెట్టేయండి. నాలుగైదు మూలికలు కలిపి మొత్తం బరువు ఒక్కటే ఇచ్చే ‘ప్రత్యేక మిశ్రమం’ సీసాలదీ ఇదే దారి. పోల్చి చూసుకోవడానికి: ఒక కప్పు గ్రీన్ టీలో ఈజీసీజీ సుమారు 50 నుంచి 100 మిల్లీగ్రాములు ఉంటుంది.

రోజుకు 800 మిల్లీగ్రాములు అన్న హద్దును గుర్తుపెట్టుకోవాలి. సప్లిమెంట్ల ద్వారా అంతకు చేరితే కాలేయ ఎంజైములు పెరుగుతున్నట్టు కనబడుతోందని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో తేల్చింది. 2022లో ఐరోపా కమిషన్ దాన్ని నిబంధనగా మార్చింది. రోజు మోతాదు 800 మిల్లీగ్రాముల లోపే ఉండాలి. పరగడుపున తీసుకోవద్దని, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్ల లోపువారు వాడవద్దని, అదే రోజు గ్రీన్ టీ ఉన్న ఇంకో ఉత్పత్తి తీసుకోవద్దని లేబుల్ మీద రాయాలి. ఈ హెచ్చరికలు ఉన్న సీసా ప్రమాదకరమైనదని, లేనిది సురక్షితమైనదని అనుకుంటే పొరపాటు. లేని సీసా ఇంకా తక్కువ నమ్మదగినది.

పరగడుపున వద్దన్న మాట వెనుక గట్టి కారణం ఉంది. ఖాళీ కడుపుతో వేసుకుంటే రక్తంలోకి చేరే ఈజీసీజీ భోజనంతో తీసుకున్నప్పటి కంటే మూడున్నర రెట్లు దాటుతుందని మనుషుల మీద చేసిన అధ్యయనంలోనే తేలింది. ‘బాగా ఒంటబడుతుంది’ అని పొద్దున్నే వేసుకోమనేవాళ్లు తెలియకుండానే కాలేయం మీద మూడు గుళికల బరువు మోపుతున్నారు. కప్పులో తాగే టీతో ఈ సమస్య దాదాపుగా కనబడదు. రోజంతా కొంచెం కొంచెంగా లోపలికి వెళుతుంది, ఏ ఒక్క గంటలోనూ కాలేయం మీద ఒత్తిడి పెరగదు.

ఇక క్యాన్సర్ సంగతి. ఈ రంగంలో ఎక్కువగా ఉదహరించే ప్రయోగం అమెరికాలోని మేయో క్లినిక్‌ది. క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా, అంటే సీఎల్ఎల్, తొలి దశలో ఉండి ఇంకా చికిత్స అవసరం రాని 42 మందికి గ్రీన్ టీ సారం ఇచ్చారు. 2013లో వచ్చిన ఫలితం ప్రకారం 31 శాతం మందిలో లింఫోసైట్ల (ఈ జబ్బులో పెరిగిపోయే తెల్ల రక్తకణాల) సంఖ్య కనీసం 20 శాతం తగ్గి, ఆ తగ్గుదల నిలిచింది. చేతికి తగిలే లింఫు గడ్డలు ఉన్నవాళ్లలో 69 శాతం మందికి వాటి పరిమాణం సగానికి పైగా తగ్గింది. ఇది నిజమైన ఫలితం, దీన్ని కొట్టిపారేయకూడదు. అమ్మేవాళ్లు అక్కడితో ఆపేస్తారు, అసలు విషయం ఆ తర్వాతే ఉంది. వాళ్లకు ఇచ్చింది పూటకు 2000 మిల్లీగ్రాముల ఈజీసీజీ, రోజుకు రెండు పూటలు. అంటే ఐరోపా హద్దుకు ఐదు రెట్లు. కాలేయ పరీక్షలు చేస్తూ, వైద్యుల కళ్లముందు ఇచ్చారు. పోల్చడానికి ఉత్తుత్తి మాత్ర తీసుకున్న బృందం లేదు. వికారం, కడుపునొప్పి, ఎంజైములు పెరగడం కనిపించాయి. అన్నిటికంటే ముఖ్యం, ఆ గుళికల వల్ల ఆయుష్షు పెరిగిందనో చికిత్స అవసరం తప్పిందనో ఆ ప్రయోగం చెప్పలేదు. అది చెప్పేలా దాన్ని రూపొందించనూ లేదు.

జబ్బు రాకుండా ఆపే విషయానికి వస్తే ఉన్న ఆధారం గుళికది కాదు, కప్పుది. జపాన్‌లోని ఒసాకి ప్రాంతంలో 41,761 మందిని సుమారు తొమ్మిదేళ్లు గమనించారు. రోజుకు ఐదు కప్పులు, అంతకు మించి గ్రీన్ టీ తాగేవాళ్లలో రక్త క్యాన్సర్ల ముప్పు, కప్పు కంటే తక్కువ తాగేవాళ్లతో పోలిస్తే 42 శాతం తక్కువగా కనబడింది. 2009లో వచ్చిన ఈ లెక్కలో మొత్తం కేసులు 157 మాత్రమే. పైగా ఇది పరిశీలన. టీ తాగేవాళ్ల మిగతా అలవాట్లు వేరుగా ఉండవచ్చు, గణితం వాటన్నిటినీ పూర్తిగా విడదీయలేదు. అయినా ఇది నమ్మితే చేయాల్సింది టీ తాగడమే. సీసా కొనడానికి ఈ అధ్యయనం ఆధారం ఇవ్వదు.

మైలోమాకు, అంటే ఎముక మజ్జలోని ప్లాస్మా కణాల క్యాన్సర్‌కు, బోర్టెజోమిబ్ ఇంజెక్షన్ తీసుకుంటున్నవాళ్లు గ్రీన్ టీ గుళిక అసలు వేసుకోకూడదు. ఈ ఒక్క మాట కోసమైనా ఈ సమీక్ష రాయాలనిపించింది. బోర్టెజోమిబ్ అణువులో బోరాన్ ఉన్న ఒక భాగం ఉంటుంది. క్యాన్సర్ కణంలో పాత ప్రోటీన్లను విరగ్గొట్టే ప్రోటియాసోమ్‌ను పట్టుకునేది అదే. ఈజీసీజీలోని పక్కపక్కనే ఉన్న హైడ్రాక్సిల్ జతలు ఆ బోరాన్‌నే ముందుగా పట్టేసుకుంటాయి. ఇక మందుకు పట్టుకునే చేయి మిగలదు. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ బృందం 2009లో ఎలుకల్లో చూపించింది ఇదే: ఈజీసీజీ ఇచ్చినప్పుడు కణితి మీద బోర్టెజోమిబ్ పనిచేయలేదు. తర్వాతి మరో ఎలుకల ప్రయోగంలో రక్తంలో ఈజీసీజీ తక్కువ మోతాదులో ఉన్నప్పుడు ఈ అడ్డు కనబడలేదు. కాబట్టి ఒక కప్పు టీకి భయపడక్కర్లేదు, గుళిక మాత్రం వద్దు. ఇదే రసాయన కుటుంబానికి చెందిన ఇక్సాజోమిబ్ మాత్రకూ ఇదే జాగ్రత్త. కార్‌ఫిల్‌జోమిబ్‌లో బోరాన్ లేదు కాబట్టి ఈ ప్రత్యేకమైన గొడవ దానికి లేదు. క్వెర్సెటిన్, ఎక్కువ మోతాదు విటమిన్ సి కూడా బోర్టెజోమిబ్‌ను ఇలాగే అడ్డుకున్నట్టు ప్రయోగశాలలో తేలింది. గ్రీన్ టీ గుళికల్లో విటమిన్ సి కలిపి అమ్మడం మామూలే.

‘ఇంజెక్షన్ రోజు మానేస్తే చాలదా?’ అన్నది తరచూ వచ్చే ప్రశ్న. చాలదు. కొన్ని డోసులు పడ్డాక బోర్టెజోమిబ్ సగానికి తగ్గడానికి 40 నుంచి 193 గంటలు పడుతుంది. వారానికి రెండు ఇంజెక్షన్లు పడుతుంటే మందు ఒంట్లో లేని రోజే ఉండదు. కోర్సు మొత్తం మానేయడమే దారి.

కాలేయం గురించి ఇంకొక్క మాట. గ్రీన్ టీ సారంతో కాలేయం దెబ్బతిన్నవాళ్లను అమెరికాలో పరిశీలిస్తే, పదిమందిలో ఏడుగురికి హెచ్ఎల్ఏ-బి 35:01 అనే జన్యురూపం ఉంది. మామూలు జనంలో అది పదిమందిలో ఒకరిద్దరికే ఉంటుంది. అంటే ఒకే సీసాలోని గుళికలు ఒకరికి ఏమీ చేయకపోవచ్చు, ఇంకొకరిని కామెర్లతో పడుకోబెట్టవచ్చు. ‘మా బాబాయి రెండేళ్లుగా వేసుకుంటున్నాడు, ఏమీ కాలేదు’ అన్న సాక్ష్యం ఇంకొకరికి పనికిరాదు. ఎవరైనా వైద్యుడికి చెప్పే మొదలుపెట్టినా, ముందే కాలేయ పరీక్షలు (ఏఎల్‌టీ, ఏఎస్‌టీ, బిలిరుబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేస్) చూసి ఆ అంకెలు రాసిపెట్టుకోవాలి. నెలకోసారి మళ్లీ చూడాలి. ఎక్కువ కేసులు తొలి ఆరు నెలల్లోనే బయటపడతాయి. మూత్రం ముదురు రంగులోకి మారినా, ఆకలి చచ్చిపోయినా, ఒళ్లంతా దురద పెట్టినా పరీక్ష తేదీ దాకా ఆగకుండా గుళిక ఆపేసి ఆసుపత్రికి వెళ్లాలి.

చికిత్సలో ఉన్నవాళ్లకు ఇందులో ఇంకో నష్టం ఉంది, అది సామాన్యంగా ఎవరికీ తట్టదు. గుళిక వల్ల ఎంజైములు పెరిగితే, గుళిక సంగతి తెలియని డాక్టర్ ఆ నేరం అసలు మందు మీద వేస్తారు. మందు డోసు తగ్గిస్తారు, లేదా ఆపుతారు. జబ్బును అదుపులో పెడుతున్న మందు సప్లిమెంట్ చేసిన తప్పుకు శిక్ష అనుభవిస్తుంది.

రెండోది కర్క్యుమిన్. పసుపులో ఇది సుమారు 3 శాతమే, గుళికల్లో 95 శాతం దాకా చిక్కబరుస్తారు. రక్త క్యాన్సర్‌కు సంబంధించి దీని మీద జరిగిన మంచి పని ఎంజీయూఎస్ ఉన్నవాళ్ల మీద. ఎంజీయూఎస్ అంటే ఎముక మజ్జలోని ప్లాస్మా కణాలు అవసరం లేని ప్రోటీన్‌ను తయారుచేస్తుండటం. యాభై దాటినవాళ్లలో 3 శాతం మందికి ఇది ఉంటుంది, ఏడాదికి సుమారు 1 శాతం చొప్పున మైలోమాగా లేదా దాని దగ్గరి జబ్బుగా మారుతుంది. మందు ఏమీ ఇవ్వరు, పరీక్షలు చేస్తూ చూస్తుంటారు. చేతులు కట్టుకుని కూర్చోలేని ఆ స్థితిలోనే మనిషి గుళికల వైపు వెళతాడు, అది అర్థం చేసుకోదగినదే.

ఆస్ట్రేలియా పరిశోధకులు 2012లో ప్రచురించిన ప్రయోగంలో ఎంజీయూఎస్ ఉన్న 19 మందికి, లక్షణాలు లేని మైలోమా ఉన్న 17 మందికి రోజుకు 4 గ్రాముల కర్క్యుమిన్‌ను, ఉత్తుత్తి మందును మూడు నెలల చొప్పున మార్చి మార్చి ఇచ్చారు. ఇష్టపడినవాళ్లకు తర్వాత 8 గ్రాములు ఇచ్చారు. ఫ్రీ లైట్ చెయిన్ నిష్పత్తి (ఆ అనవసర ప్రోటీన్ ముక్కలను కొలిచే రక్త పరీక్ష), ఎముక కరుగుతున్నట్టు చూపే మూత్ర పరీక్ష కొంత మెరుగుపడ్డాయి. 4 గ్రాముల దశ పూర్తిచేసింది 25 మంది. అంకెలు కదిలాయి, నిజమే. మైలోమాగా మారేవాళ్లు తగ్గారా అన్నది తేలాలంటే ఏడాదికి 1 శాతం చొప్పున మారే జబ్బులో వందల మందిని ఏళ్ల తరబడి చూడాలి. కొన్ని నెలల్లో, 36 మందిలో అది తేలదు.

4 గ్రాములంటే 95 శాతం సారం ఉన్న 500 మిల్లీగ్రాముల గుళికలు రోజుకు ఎనిమిది, తొమ్మిది. సీసా మీద రాసేది రోజుకు ఒకటో రెండో. అంటే ప్రయోగం పేరు చెప్పి అమ్మే గుళిక ఆ ప్రయోగపు మోతాదుకు దరిదాపుల్లో ఉండదు. అలాగని ఎనిమిది వేసుకోమని చెప్పడం లేదు. ఆహారంలో కర్క్యుమిన్‌కు అంతర్జాతీయ నిపుణుల సంఘం పెట్టిన రోజువారీ హద్దు కిలో బరువుకు 3 మిల్లీగ్రాములు, 60 కిలోల మనిషికి 180. ఒక్క గుళికే దాన్ని దాటుతుంది.

ఇక్కడ మిరియాల పాత్ర వస్తుంది. కర్క్యుమిన్ పేగుల్లోంచి రక్తంలోకి సరిగా చేరదు, చేరిన కొంచెమూ వెంటనే గ్లుకురోనైడ్ అనే వేరే రూపంలోకి మారి బయటకు పోతుంది. 2 గ్రాముల కర్క్యుమిన్‌కు మిరియాల్లోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపితే అది ఒంటికి అందడం 2000 శాతం పెరిగిందని 1998లో చూపించారు. అప్పటినుంచి సీసాల మీద ఈ 2000 అంకె కనబడుతూనే ఉంది. పైపరిన్ చేసేది కర్క్యుమిన్‌కు మేలు చేయడం ఒక్కటే కాదు, మందులను విరగ్గొట్టే ఎంజైములను కట్టేయడం. అందులో సీవైపీ3ఏ4 ఒకటని ప్రయోగశాలలో తేలింది. సీఎల్ఎల్‌కు ఇచ్చే ఇబ్రూటినిబ్, వెనిటోక్లాక్స్, సీఎంఎల్‌కు (క్రానిక్ మైలాయిడ్ లుకేమియాకు) ఇచ్చే ఇమాటినిబ్, నిలోటినిబ్ అన్నీ ఆ ఎంజైము మీదుగా పోయేవే. ఎంజైము ఆగితే మందు రక్తంలో పేరుకుంటుంది. వెనిటోక్లాక్స్‌ను వారం వారం కొంచెం కొంచెంగా పెంచేదే క్యాన్సర్ కణాలు ఒక్కసారిగా చచ్చి కిడ్నీలను ముంచకుండా ఉండటానికి. ఆ పెంచే వారాల్లో తెలియని చేయి ఒకటి మోతాదును పైకి నెట్టడం చాలా ప్రమాదం. ఈ కారణంతోనే గ్రేప్‌ఫ్రూట్, సెవిల్ నారింజ, స్టార్‌ఫ్రూట్ వద్దని వెనిటోక్లాక్స్ పత్రంలోనే రాసి ఉంటుంది. పైపరిన్ గుళికను అదే జాబితాలో చేర్చుకోండి. సెయింట్ జాన్స్ వర్ట్ దీనికి తలకిందులు. ఎంజైమును రెచ్చగొట్టి ఇమాటినిబ్‌ను ఒంట్లో సుమారు 30 శాతం తగ్గిస్తుంది, సీఎంఎల్ అదుపు తప్పడానికి ఆ తేడా చాలు.

పైపరిన్ లేకుండా లెసిథిన్‌తో కలిపిన కర్క్యుమిన్ దొరుకుతుంది. అందులో కర్క్యుమిన్ వాటా సుమారు 20 శాతమే, 500 మిల్లీగ్రాముల గుళికలో 100. ఎంజైముల గొడవ కొంత తగ్గుతుంది, కాలేయం గొడవ తగ్గదు. పసుపు గుళికలతో కాలేయం దెబ్బతిన్న పదిమంది గురించి అమెరికాలో రాసిన నివేదికలోనూ ఏడుగురికి అదే హెచ్ఎల్ఏ-బి 35:01 ఉంది. ఇంకొకటి, కర్క్యుమిన్ ఇనుమును పట్టేసుకుంటుంది, టీలోని కాటెచిన్లూ అంతే. హిమోగ్లోబిన్ ఇప్పటికే తక్కువగా ఉన్నవాళ్లు ఐరన్ మాత్రను వీటితో కలిపి మింగితే ఆ మాత్ర వృథా. వంటలో వేసే పసుపు గురించి ఇందులో ఏ మాటా లేదు, దాన్ని మామూలుగా వాడుకోవచ్చు.

క్వెర్సెటిన్, సోయా నుంచి తీసే జెనిస్టీన్ రెండూ ఫ్లావనాయిడ్లు అనే మొక్కల రసాయనాలు. ఈ గుళికలకు మా సిఫారసు లేదు. గర్భిణులకైతే గట్టిగా వద్దంటాం. షికాగో విశ్వవిద్యాలయంలో జరిగి 2000లో ప్రచురితమైన పని దీనికి ఆధారం. పసికందుల్లో వచ్చే లుకేమియాలో సుమారు 80 శాతం కేసుల్లో ఎంఎల్ఎల్ అనే జన్యువు విరిగి వేరే క్రోమోజోమ్‌కు అతుక్కుని ఉంటుంది. ఆ జన్యువును సరిగ్గా ఎటోపోసైడ్ అనే కీమో మందు తెంపే చోటే ఈ ఫ్లావనాయిడ్లూ తెంపుతున్నాయని, పని జరిగేది టోపోఐసోమరేజ్-2 అనే ఎంజైము ద్వారానే అని ఆ బృందం చూపించింది. తెగిన పోగు చాలాసార్లు తిరిగి అతుక్కుంటుంది. అరుదుగా తప్పు చోట అతుక్కుంటుంది. ఇది కణాల్లో కనిపించిన సంగతి. అమెరికాలో తల్లుల ఆహారం మీద జరిగిన అధ్యయనంలో మొత్తంగా చూస్తే కూరగాయలు, పండ్లు ఎక్కువ తిన్న తల్లుల బిడ్డలకు లుకేమియా ముప్పు తక్కువగానే కనబడింది. కాబట్టి గర్భిణి ఉల్లిపాయో ఆపిలో మానాల్సిన పని లేదు. ఆహారంలో రోజుకు కొన్ని పదుల మిల్లీగ్రాములుగా అందేదాన్ని 500, 1000 చేసి మింగడానికే మా అభ్యంతరం.

వెల్లుల్లి గుళికల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 50 నుంచి 76 ఏళ్ల మధ్య వయసున్న 66 వేల మందికి పైగా గమనించిన అధ్యయనంలో, వారానికి నాలుగు రోజులు, మూడేళ్లకు తగ్గకుండా వాడినవాళ్లలో రక్త క్యాన్సర్లు 45 శాతం తక్కువగా కనిపించాయి. 2011 నాటి ఫలితం. ఇదీ పరిశీలనే, ఇతర చోట్ల ప్రయోగంగా నిరూపణ కావాలి. నాలుగు రకాల్లో ఆరోగ్యవంతులకు మేము అభ్యంతరం చెప్పనిది ఇదొక్కటే. ప్లేట్‌లెట్లు తక్కువున్నవాళ్లు, ఇబ్రూటినిబ్ వాడేవాళ్లు మాత్రం దూరంగా ఉండాలి, ఎందుకంటే వెల్లుల్లి, ఇబ్రూటినిబ్ రెండూ ప్లేట్‌లెట్లు అతుక్కోవడాన్ని తగ్గించి రక్తస్రావాన్ని పెంచుతాయి. ఎముక మజ్జ పరీక్ష ఉంటే వారం ముందే ఆపి, ఆ సంగతి చెప్పాలి.

‘మొక్క నుంచి వచ్చింది కదా, హాని ఏముంటుంది’ అనేవాళ్లకు ఒక్క విషయం. విన్‌క్రిస్టిన్ బిళ్ళగన్నేరు నుంచి వచ్చింది, ఎటోపోసైడ్ మే యాపిల్ మొక్కలోని పదార్థం నుంచి. 2012లో అమెరికాలో సీఎంఎల్‌కు అనుమతి పొందిన ఒమాసెటాక్సిన్ కూడా ఒక చెట్టు ఇచ్చిన రసాయనమే. రక్త క్యాన్సర్‌పై మొక్కలకు శక్తి ఉందన్నదానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. వాటిని మిల్లీగ్రాముల్లో తూచి, రక్తకణాలు లెక్కపెట్టుకుంటూ ఇస్తారు. బిళ్ళగన్నేరు ఆకు నమిలితే ఆ మందు అందదు, విషం అందుతుంది.

గుళిక రూపంలో కాకుండా పొడిగా అమ్మే మూలికలు, పచ్చి మొలకల పొడులు కీమో తీసుకుంటున్నవాళ్లకు మరో విధంగా ప్రమాదం. వీటిని క్రిమిరహితం చేయరు, బూజు బీజాలు, బాక్టీరియా ఉండనే ఉంటాయి. ఆరోగ్యవంతుడి ఒంట్లో అవి ఏమీ చేయలేవు. న్యూట్రోఫిల్స్ (క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు) 500 లోపుకు పడిపోయిన మనిషిలో అవే ఊపిరితిత్తుల్లో బూజు జబ్బుగా, రక్తంలో ఇన్ఫెక్షన్‌గా మారతాయి. అప్పుడు వచ్చే జ్వరానికి గంట ఆలస్యం కూడా ఎక్కువే. ఆ స్థితిలో జ్వరం వస్తే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఇంట్లో వాడుతున్న ప్రతి సీసాకు లేబుల్ మూడు వైపులా ఫోటో తీసి పట్టుకెళ్లండి: ముందు పేరు, వెనుక మోతాదుల పట్టిక, పక్కన బ్యాచ్ నంబరు.